మెట్లెక్కిన నీళ్ళు

మా తమ్ముడి చేతికి ఏ గుడ్డ దొరికినా మడత పెడతాడు. తువ్వాలు, దుప్పటి, చదివేసిన పేపరు, ఆఖరికి వాళ్ళావిడ కోపంతో విసిరికొట్టిన చేతిరుమాలు కూడా. మడత పెట్టి, అంచు మీద అరచేత్తో ఒకసారి రాసి, పక్కన పెట్టాక గాని ఎదుటివాళ్ళు ఏమంటున్నారో వాడి చెవికెక్కదు. పెళ్ళైన కొత్తలో మా మరదలు ఇది చూసి మురిసిపోయింది. ఇప్పుడు తల పట్టుకుంటోంది. నేను కుట్టుపని చేసేదాన్ని కాబట్టి మడత విలువ తెలిసి ఊరుకుంటాను గాని, లేకపోతే ఎప్పుడో వాడి చేతిలోది లాక్కుని ఉండేదాన్ని.

వాడు ఫైరింజను మీద పంపు ఆపరేటరు. ఇంజను ఆగగానే అందరూ దిగి మంటల వైపు పరుగెత్తితే, వీడు దిగి ఇంజను పక్కనే నిలబడతాడు. దాని నడుము దగ్గర ఒక ఇనప పలక ఉంటుంది. దాని నిండా గుండ్రటి గేజులు, పిడులు, తిప్పే చక్రాలు. ఎవరి చేతిలో ఉన్న నీళ్ళ గొట్టానికి, అదే హోస్‌కి ఎంత బలంగా నీళ్ళు పంపాలో అక్కడ నిలబడి వీడు చూసుకుంటాడు. ఉద్యోగం వచ్చినప్పుడు మాత్రం నిచ్చెనలెక్కి కిటికీల్లోంచి మనుషుల్ని భుజాన వేసుకుని దింపుతానని వీధి వీధంతా చెప్పుకుని తిరిగాడు. తీరా చేరాక వాళ్ళ అధికారులు వీణ్ణి ఎగాదిగా చూశారు. చెయ్యి నెమ్మది, నడక నెమ్మది, నోట్లో నాలుకే లేదు. పంపు దగ్గరికి ఇంతకన్నా తగినవాడు దొరకడని తీర్మానించి అక్కడ నిలబెట్టేశారు. కొన్నాళ్ళు ముఖం మాడ్చుకుని తిరిగాడు. ఆ తరవాత పంపు మీద మనసు పారేసుకున్నాడు. మా పిల్లలు పంపు మామయ్య అని మొదలుపెట్టారు, వీధి దాన్నే ఖాయం చేసింది. వాడి అసలు పేరు ఇప్పుడు జీతమిచ్చేవాళ్ళకి తప్ప ఎవరికీ గుర్తులేదు.

నీళ్ళ బలాన్ని వాళ్ళు బార్లలో కొలుస్తారు. వీడు ఇంట్లో అన్నిటినీ బార్లలోనే కొలుస్తాడు. అమ్మ గొంతు ఏడు బార్లు. నాది పది, గేజు పగిలే ప్రమాదం ఉంది. మరదలు అలిగి మాట్లాడకపోతే సున్నా బార్లు, అన్నిటికన్నా అదే భయం. ఇవన్నీ నవ్వకుండా చెబుతాడు. అవతలివాళ్ళు పడిపడి నవ్వుతుంటే ఏమైందన్నట్టు చూస్తాడు. అందుకే వాడి మీద కోపం తెచ్చుకుని నిలబెట్టుకోవడం నాకెప్పుడూ చేతకాలేదు.

నా కుట్టు గది కొండ మీద, మెట్ల వీధి చిట్టచివర ఉంది. ఏ బండైనా కింద రోడ్డు మీద ఆగిపోవాల్సిందే. అక్కణ్ణించి పైకి మెట్లు. ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకి అతుక్కుపోవాలి, అంత సన్నం. ఇటు తిరిగి, అటు తిరిగి, ఎవరింటి గుమ్మాన్నో రాసుకుంటూ పోతాయి. అవి ఎన్ని మెట్లో ఇంతవరకూ ఏ ఇద్దరూ ఒకే లెక్క చెప్పలేదు. పైన పొడుగాటి గది, రోడ్డు వైపు రెండు కిటికీలు, గోడల వెంబడి మిషన్లు, మధ్యలో నేను ఏలుకునే కత్తిరింపు బల్ల. స్కూలు యూనిఫారాలు, కర్టెన్లు, ఆసుపత్రి చొక్కాలు కుడతాం. చుట్టుపక్కల ఇళ్ళ ఆడవాళ్ళే వచ్చి కుడతారు. ఇంట్లో పిల్ల ఏడిస్తే వినిపించేంత దగ్గర కాబట్టి వస్తున్నారు. అదే గదిని కింద బజారుకి మారిస్తే సగానికి సగం మంది రాలేరు. కిటికీ దగ్గర కుర్చీ మా అమ్మది. కుట్టు అయిపోయిన బట్టకి వేలాడే దారాలు కత్తిరిస్తుంది, బట్టని కిటికీలోంచి బయటికి చాచి ఫటఫట దులుపుతుంది, తెచ్చి గంపలో పడేస్తుంది. ఆ కుర్చీ జోలికొస్తే ఎవరితోనైనా సరే యుద్ధమే.

అలాంటి గదికి గండం వచ్చింది. ఊళ్ళో పనిచేసే చోట్లన్నిటికీ అగ్నిప్రమాదం తనిఖీ అని చెప్పి ఒక ఇన్‌స్పెక్టరు గారు మెట్లెక్కి వచ్చారు. పెద్దవయసు మనిషి. ఆయాసం తీరేదాకా కూర్చుని, మంచినీళ్ళు తాగి, గది నాలుగు మూలలూ చూశారు. గుడ్డ, దూది, కరెంటు మిషన్లు, ఇంతమంది మనుషులు.

"నిప్పంటుకుంటే ఏం చేస్తారమ్మా?" అని అడిగారు.

"మా తమ్ముడు ఫైరింజనులోనే పనిచేస్తాడండి," అన్నాను గర్వంగా.

"మంచిదే. ఫైరింజను ఎక్కడాగుతుంది?"

"కింద రోడ్డు మీద."

"మరి నీళ్ళు?"

నా గర్వం అక్కడితో సరి. నెలలోగా కింద ఆగిన ఇంజను నుంచి ఈ గది కప్పు మీదుగా నీళ్ళు కొట్టి చూపించమన్నారు, చూపిస్తే గది నడుపుకోవచ్చు, లేకపోతే మూసెయ్యాలి. ఆయన మీద నాకు వారం రోజులు కోపం పోలేదు. ఆయన అన్నది నిజం కావడమే ఆ కోపానికి కారణం.

ఆ సాయంత్రమే తమ్ముడింటికి వెళ్ళాను. వాడు ఆరిన బట్టలు మడతేస్తున్నాడు.

"ఏరా, మీ నీళ్ళు నా గదికి వస్తాయా రావా? ఒక్క మాటలో చెప్పు."

చొక్కా మడత పెట్టాడు, అంచు రాశాడు, పక్కన పెట్టాడు.

"తెలీదక్కా," అన్నాడు.

వాడు అబద్ధమాడడు, ఊరడింపుకి కూడా ఆడడు. తెలీదంటే తెలీదనే.

వాళ్ళ స్టేషన్ ఆఫీసరమ్మ చురుకైన మనిషి. సంగతి వినగానే, "ఆ కొండ మా పరిధిలోదే. అక్కడికి నీళ్ళు చేరవంటే తలవంపులు నాకు. ముందు మనమే ఒకసారి కొట్టి చూద్దాం," అంది. ఒక సెలవు రోజు పొద్దున్నే ఇంజను వచ్చింది. సన్న హోస్ తేలిక, మూలల్లో వంగుతుంది. దాన్నే ఒకదానికొకటి తగిలించుకుంటూ ఫైర్‌మన్లు చకచకా పైకి లాక్కొచ్చారు. మేమంతా మిషన్లు ఆపి గుమ్మంలో నిలబడ్డాం. నీళ్ళు రాలేదని అనను, వచ్చాయి. మా అమ్మ పూలకుండీకి పోసే చెంబులోంచి ఇంతకన్నా దూరం పడతాయి. అమ్మ హోస్ కొసన ఉండే నాజిల్ పట్టుకున్న పొడుగాటి ఫైర్‌మన్ని చూసి, "నీళ్ళు దాహంగా ఉన్నట్టున్నాయి నాయనా," అంది.

ఆ రోజు భోజనాల దగ్గర తమ్ముడు అన్నం కలుపుతూ ఆగిపోయి, తనలో తను లెక్కలు వేసుకుంటున్నాడు. కదిపాను.

"రాపిడి తినేస్తోందక్కా," అన్నాడు.

"ఏ రాపిడి?"

"హోస్ గోడలకి నీళ్ళ రాపిడి. సినిమా వదిలాక జనం సన్న సందులోంచి బయటికొస్తారు చూడు. గోడల్ని రాసుకుంటూ, ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటూ, సందు చివరికొచ్చేసరికి నీరసపడిపోతారు. నీళ్ళూ అంతే. నేను కింద ఎంత బలమిచ్చినా, పొడుగునా కొంచెం కొంచెం వదిలేసుకుంటూ పోతాయి. హోస్ ఎంత పొడుగైతే అంత పోతుంది. ఎంత సన్నమైతే అంతకు మించి పోతుంది."

"కొండ ఎత్తు సంగతో?"

"ఎత్తు తినేది వేరే. పది మీటర్లకి ఒక బార్ కొండకి ఇచ్చుకోవాల్సిందే, అందులో బేరం లేదు. రాపిడితో మాత్రం బేరమాడొచ్చు. అవే నీళ్ళు లావు హోస్‌లో పంపితే నష్టం ఎనిమిదో వంతుకి దిగుతుంది."

"మరి ఆ లావుదే తేకపోయారా?"

వాడు జాలిగా చూశాడు. లావు హోస్ నీళ్ళతో నిండితే దూలంలా బిగుసుకుంటుందట, మెట్ల మీద పదిమంది లాగినా కదలదట. ఖాళీగా ఉన్నప్పుడే మొత్తం పైకి చేరిపోవాలి. దారిలో మెలిక పడకూడదు, చిక్కు పడకూడదు, మూల తిరిగేచోట జాయింటు గోడకి తగులుకోకూడదు.

"అయితే ఎలా తీసుకెళ్తారు?"

"మడతలక్కా," అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు వాడి ముఖం చూడాలి. పెళ్ళి నాడు కూడా అంత వెలగలేదు, మరదలు పక్కనే ఉన్నా ఈ మాట అనేస్తున్నాను.

మర్నాటి నుంచి నా కత్తిరింపు బల్లకి తిప్పలు మొదలయ్యాయి. దుమ్ము కొట్టుకున్న లావు హోస్ చుట్టని భుజాన వేసుకుని మెట్లెక్కి వచ్చి, "అక్కా, ఇంత పొడుగు బల్ల మా స్టేషన్లో లేదు," అన్నాడు. తెల్ల గుడ్డ పరిచే బల్ల మీద అది చూసి నేను అగ్గిమీద గుగ్గిలమయ్యాను. వాడు పాత దుప్పటి ఒకటి వెతికి పరిచాడు, దాని మీద హోస్ పరిచాడు, పని మొదలుపెట్టాడు. ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు, ఒకదాని మీద ఒకటి పొడుగాటి మడతలు. ఒక మడత అంచు దాకా వస్తే దాని మీద మడత రెండు వేళ్ళు లోపలికి ఆపేస్తున్నాడు.

"అలా ఎగుడు దిగుడుగా ఎందుకురా, నీట్‌గా ఒకే వరసకి తేక?"

"అన్ని వంపులూ ఒకే చోటకి వస్తే చివర ఉబ్బుతుంది. భుజాన నిలవదు, జారిపోతుంది."

ఇదే సంగతి దళసరి కర్టెన్ల కుట్లు ఒకదాని మీద ఒకటి రానివ్వద్దని నెత్తీ నోరూ కొట్టుకుని మా వాళ్ళకి చెబుతుంటాను. నా కోపం అక్కడే చల్లారింది. నేనూ ఒక చివర పట్టుకున్నాను. కాజాలు కుట్టే ఆవిడ మిషను దిగొచ్చి మధ్యలో పట్టుకుంది. జాయింటు దగ్గరికొచ్చేసరికి వాడు ఇంకో తమాషా చూపించాడు. మామూలుగా మడిచేస్తే, లాగేటప్పుడు ఆ బరువైన ఇత్తడి జాయింటు పల్టీ కొట్టి మడతల్లో ఇరుక్కుంటుందట. అందుకని దానికి ముందు ఒక పొట్టి మడత వేసి, జాయింటు తిరక్కుండా తిన్నగా జారేలా పెట్టాడు. నాలుగు రోజుల్లో మా గదిలో ఆడవాళ్ళందరికీ అది చేతికొచ్చేసింది. మధ్యాహ్నం టీ తాగాక ఒకసారి హోస్ మడవందే మాకు తోచేది కాదు.

తనిఖీ రోజు పద్ధతి ఇది. ఒక్కో ఫైర్‌మన్ భుజం మీద ఒక్కో మడతల కట్ట. అన్నీ ఒకదానికొకటి తగిలించే ఉంటాయి. వరసగా మెట్లెక్కుతారు. అందరికన్నా వెనకవాడి భుజం మీద మడతలు ఒక్కొక్కటే జారి మెట్ల మీద పడతాయి. అతనిది ఖాళీ అయితే అతని ముందువాడిది మొదలవుతుంది. పైకి చేరాక చివరి ముక్క మాత్రం సన్న హోస్, దాని కొసన నాజిల్. అంతా పరిచేశాక కిటికీలోంచి ఎర్ర జెండా చూపిస్తే కింద మా తమ్ముడు నీళ్ళు వదలాలి. మెట్ల సందుల్లో వాకీటాకీలో గరగర తప్ప మాట రాదు కాబట్టి ఈ జెండా ఏర్పాటు. పైన ఉంటే నా నోరు ఊరుకోదని ఆఫీసరమ్మ నన్ను కిందే, పంపు దగ్గర నిలబెట్టింది.

ఇన్‌స్పెక్టరు గారు వచ్చి, మధ్యాహ్నంలోగా ఇంకో చోటికి వెళ్ళాలని చెప్పి, ఆఫీసరమ్మతో కలిసి ఫైర్‌మన్ల వెంట మెట్లెక్కారు. తమ్ముడు రోడ్డు పక్క హైడ్రెంట్ కుళాయి నుంచి ఇంజనుకి నీళ్ళు కలిపాడు, పంపు ఆన్ చేశాడు, పిడి మీద చెయ్యి వేసి కిటికీల వైపు తలెత్తి నిలబడ్డాడు. నేనూ తలెత్తాను. కాసేపటికి కిటికీలో ఎర్రటి గుడ్డ ఫటఫటలాడింది.

"అప్పుడే చేరిపోయారే," అని ఆశ్చర్యపోతూనే తమ్ముడు పిడి తిప్పాడు. మెట్ల మొదట్లో పడుకుని ఉన్న హోస్ ఒళ్ళు విరుచుకుని లావెక్కి, సందులోకి పరుగెత్తింది.

ఆ ఎర్ర గుడ్డ జెండా కాదు. ఆసుపత్రి వాళ్ళ ఎర్ర కర్టెను. దారాలు కత్తిరించి మా అమ్మ దులిపింది. ఎర్ర గుడ్డ కిటికీలో కనిపించకూడదని ఆవిడకి పొద్దున్నించీ చెబుతూనే ఉన్నాం. ఆవిడ చెవికి చెప్పాం గాని ఇన్నేళ్ళ అలవాటున్న చేతికి చెప్పలేకపోయాం. అసలు జెండా పట్టుకోవాల్సినవాడు ఇంకా సగం మెట్ల దగ్గర ఉన్నాడు.

సందులోంచి కేకలు వినిపించాయి. తమ్ముడు వెంటనే పిడి మూసేశాడు, నేను పైకి పరుగెత్తాను. మెట్లు రెండోసారి మలుపు తిరిగేచోట చూడాలి ఆ వైభవం. భుజం మీద మడతలు ఉండగానే వాటిలోకి నీళ్ళొచ్చాయి. అవి ఉబ్బి, బిగిసి, గోడకీ గోడకీ మధ్య పీట వేసుకున్నాయి. వాటి వెనక పొడుగాటి ఫైర్‌మన్ చేతులు పైకెత్తి ఇరుక్కుపోయి ఉన్నాడు. ఒక జాయింటు మెలిపడి పిచికారీ కొడుతోంది. దానికి సరిగ్గా ఎదురుగా ఇన్‌స్పెక్టరు గారు. ముందుకి పోవడానికి దారి లేదు, వెనక్కి పోవడానికి లేదు. ఫైలు మాత్రం తడవకుండా తల మీద పెట్టుకున్నారు, తల తడుస్తున్నా.

నాకు ఏడుపొచ్చింది. నా గది అక్కడే, ఆ మెట్ల మీదే మూతబడిపోయిందనుకున్నాను. అప్పుడు ఆఫీసరమ్మ ఆ హోస్ ముద్దని చూసి పకపకా నవ్వింది.

"సార్, మడతల్లోకి నీళ్ళు వదిలెయ్యడం మా డిపార్టుమెంటులో ప్రతివాళ్ళూ ఒక్కసారైనా చేస్తారు. కొత్తలో నేను ఇంజను మీదున్న హోస్ మొత్తాన్నే ఉబ్బించాను, కోసి తియ్యాల్సొచ్చింది. మాకు ఇంకొక్క అవకాశం ఇప్పించండి."

ఇన్‌స్పెక్టరు గారు ముక్కు మీది నీళ్ళు తుడుచుకున్నారు.

"నేను ఈ చొక్కాతో ఎక్కడికీ వెళ్ళలేను ఎలాగూ. ఆరేలోపు చేసుకోండి."

మా అమ్మ తన నేరం తెలుసుకుని, ఆయన చొక్కా విప్పించి ఇస్త్రీ పెట్టె అందుకుంది. అందాకా వేసుకోమని అప్పుడే కుట్టిన ఆసుపత్రి చొక్కా ఇచ్చింది, వెనకవైపు నాడాలు కట్టుకునేది. కాజాలావిడ ఆయన వెనక నిలబడి బుద్ధిగా ముళ్ళు వేసింది. మిగతావాళ్ళమంతా మెట్ల మీదికి దిగాం. హోస్‌లో నీళ్ళు పారబోశాం. తడిసిన లావు హోస్ ఎంత బరువుంటుందో ఆ రోజు తెలిసింది. కత్తిరింపు బల్ల దగ్గరికి మోసుకెళ్ళే తీరిక లేదు, మెట్ల పక్క ఇళ్ళ అరుగుల మీదే మడతలు వేశాం. ఫైర్‌మన్ ఒక చివర, కుట్టే ఆవిడ ఒక చివర. "రెండు వేళ్ళు లోపలికండీ," అని మా ఆడవాళ్ళు ఫైర్‌మన్లనే సరిదిద్దుతుంటే, వాళ్ళు "సరే మేడమ్" అంటూ నవ్వుతున్నారు. కింద తమ్ముడు ఒక్కడూ తలవంచుకుని గేజు తుడుస్తున్నాడు. తిట్టాలని దిగాను గాని ఆ వంచిన తల చూశాక తిట్టబుద్ధి కాలేదు. పక్కన నిలబడ్డాను.

ఈసారి జెండా అసలైనదే వచ్చింది, దాని పక్క కిటికీ మూసేసి ఉంది. అయినా తమ్ముడు నా వైపు చూశాడు.

"జెండాయేరా. వదులు," అన్నాను.

నీళ్ళు వెళ్ళాయి. ఇంజను గొంతు పెంచాడు. గేజు ముల్లు ఏడు దాటింది, ఎనిమిది దాటి ఆగింది. అరచెయ్యి హోస్ మీద పెట్టి చూసుకున్నాడు. అంతా బాగుందనుకునేంతలో కిటికీలోంచి పొడుగాటి ఫైర్‌మన్ కేక వేశాడు.

"కప్పు దాటట్లేదు. చూరు దాకా వచ్చి పడిపోతోంది. సార్ ఇంకా పెంచమంటున్నారు."

"పెంచరా," అన్నాను.

"పెంచకూడదక్కా. కింది మెట్ల దగ్గర హోస్ తట్టుకోదు."

"మరి?"

వాడు గేజు వైపు చూశాడు. వాడి నెమ్మది చూస్తే వాణ్ణి కుదపాలనిపిస్తుంది. చేతులు కట్టుకుని నన్ను నేను పట్టుకున్నాను. అంతలో ఇంజను పక్క అర తెరిచి, నాజిల్ చివర తొడిగే, బొటనవేలంత రంధ్రం ఉన్న ఇత్తడి మూతి ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు.

"పెద్ద మూతి పెట్టినట్టున్నారు. ఇది పెట్టమను. నాజిల్ మెల్లగా మూసి మార్చమను, టక్కున మూస్తే నీళ్ళు వెనక్కి తన్నుతాయి."

"ఎక్కువ కావాలంటే చిన్నది ఇస్తావేంరా?"

"నీళ్ళు రెట్టింపు లాగితే రాపిడి నాలుగింతలవుతుంది. వాళ్ళు ఎక్కువ అడుగుతున్నారు, అదంతా దారికే సరిపోతోంది. కాస్త తక్కువ అడగమను, దూరం పోతాయి. వెళ్ళక్కా."

నా వయసులో ఆ మెట్లు ఎవరూ అలా ఎక్కరు. ఒక చేత్తో గోడ, ఒక చేత్తో ఇత్తడి మూతి. కాళ్ళ పక్కన హోస్ బిర్రుగా, చల్లగా, మలుపు మలుపుకీ నాతోపాటే పైకొస్తోంది. పైకి చేరేసరికి ఊపిరాడక మాట రాలేదు, మూతి చూపించాను. ఆఫీసరమ్మ అది చూడగానే తన నుదుటి మీద తనే కొట్టుకుంది. ఆసుపత్రి చొక్కాలో ఉన్న ఇన్‌స్పెక్టరు గారు, "నేను పెంచమంటే తగ్గించేది పంపాడా మీ తమ్ముడు?" అన్నారు.

"తక్కువ అడిగితే దూరం పోతాయటండి," అన్నాను. అంతకుమించి నాకు గుర్తులేదు.

"పెట్టండి, చూద్దాం," అన్నారాయన.

నాజిల్ మెల్లగా మూశారు, మూతి మార్చారు, మెల్లగా తెరిచారు. ముందు ఫుస్సుమని గాలి వచ్చింది. తరవాత నీళ్ళు తిన్నగా, సన్నగా, గట్టిగా లేచాయి. చూరు దాటాయి, కప్పు దాటాయి, కప్పు మీది టీవీ తీగల్ని దాటి అంత పైన విరిగి, అవతలి వైపు జల్లై రాలాయి. గుమ్మంలో ఆడవాళ్ళందరూ ఒక్కసారి చప్పట్లు కొట్టారు. ఎంతసేపైనా ఆ ధార వంగలేదు. ఇన్‌స్పెక్టరు గారు తల వెనక్కి వాల్చి చూసి చూసి, ఫైలు చంకలోకి మార్చుకున్నారు.

"గది నడుపుకోండమ్మా," అన్నారు. "ముందు నా చొక్కా ఇప్పించండి."

నేను గుమ్మం మీదే కూలబడి ఏడ్చేశాను. కాజాలావిడ నన్ను పట్టుకుని తనూ ఏడ్చింది. నా జీవితంలో అంత సంతోషం ఒకేసారి ఎప్పుడూ రాలేదు, దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆ ధార ఇంకా అలా లేస్తూనే ఉంది, ఎండలో తళతళలాడుతూ. అది చూస్తుంటే అప్పుడు తట్టింది నాకు. ఆఫీసరమ్మ చెయ్యి పట్టుకుని అడిగాను.

"మా తమ్ముడు ఎప్పుడైనా చూశాడా ఇది? వాడు పంపే నీళ్ళు ఇలా చేరడం?"

"పంపు వదిలి రాకూడదు కదండీ," అంది. ఆ మాట అంటూనే టోపీ సర్దుకుని మెట్లు దిగిపోయింది.

కాసేపటికి తమ్ముడు వచ్చాడు. చేతులింకా తడిగా ఉన్నాయి, ఏ తప్పు జరిగిందో అని ముఖంలో కంగారు.

"మేడమ్ పంపు దగ్గర తను ఉంటానన్నారు. నన్ను పైకి పొమ్మన్నారు. ఏమైందక్కా?"

నేను పైకి చూపించాను.

వాడు తలెత్తాడు. కప్పు మీదుగా పోతున్న నీళ్ళని, అవి విరిగేచోటుని, అక్కణ్ణించి రాలే జల్లుని, మళ్ళీ నాజిల్ నుంచీ మొదలుపెట్టి చివరిదాకా చూశాడు.

"ఇవి నా నీళ్ళేనా?" అన్నాడు.

"నీవేరా."

"ముల్లు ఎనిమిది మీద ఉందంటే ఇలా ఉంటుందా పైన," అన్నాడు. ఇన్నేళ్ళలో వాడు ఎన్ని ఇళ్ళకి, ఎన్ని గోదాములకి, ఎందరి మీదికి ఈ నీళ్ళు పంపి ఉంటాడో లెక్కలేదు. కళ్ళలోంచి నీళ్ళు కారుతుంటే తుడుచుకోవాలని కూడా వాడికి తోచలేదు. పొడుగాటి ఫైర్‌మన్ నాజిల్ అందించబోయాడు. వద్దని తల ఊపాడు. వాడికి చూడటమే కావాలి.

ఇస్త్రీ చొక్కా చేత్తో పట్టుకుని మా అమ్మ గుమ్మంలోకి వచ్చింది. కొడుకుని చూసింది, ధారని చూసింది.

"చూసింది చాలు. కింద ఆ అమ్మాయి నీ పని తను చేస్తూ ఒక్కతే నిలబడి ఉంది. ఇక దిగరా," అంది.

"ఇంకాసేపమ్మా," అన్నాడు వాడు, పైనించి చూపు తిప్పకుండా. మా అమ్మ మాటకి వాడు ఎదురు చెప్పడం నేను పుట్టి బుద్ధెరిగాక అదే చూడటం. అమ్మ చొక్కా నా చేతిలో పెట్టేసి, వెళ్ళి వాడి పక్కన నిలబడి తనూ తలెత్తింది.